అశోక్‌నగర్ గదిలో పాత సర్వర్

విజయశ్రీకి మనుషుల ముఖాల రంగు తెలిసినంతగా మిషన్ల సంగతి తెలియదు. ఆ మాట ఎవరన్నా అంటే ఆమె ఒప్పుకుంటుంది కూడా. చిక్కడపల్లికి కోడలుగా వచ్చిన కొత్తలో నారాయణగూడలో ఒక ఫొటో స్టూడియోలో పనికి చేరింది. పెళ్లి ఫొటోలు కంప్యూటర్‌లో సరిచేసి ప్రింటుకు పంపడం ఆమె పని. వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే, పిల్లను జర తెల్లగా చెయ్యమని. చేసేది. చేసి ఇంటికొచ్చాక, ఆ పిల్ల ఆల్బమ్ తెరిచి తనను తాను గుర్తుపడుతుందా అని అన్నం ముందు కూర్చుని ఆలోచించేది.

ఆమె మరిది ఉమాకాంత్‌కు అప్పుడే వీడియో ఎడిటింగ్ పట్టుబడింది. వదిన చూపు ఫొటోల దగ్గర ఆగిపోవద్దని, వీడియోలకు రంగులు దిద్దడం నేర్చుకొమ్మని అతనే వెంటపడ్డాడు. కెమెరా తీసిన వీడియో మొదట్లో బూడిద చల్లినట్టు పాలిపోయి ఉంటుంది. ఒక్కో షాట్‌కు వెలుగెంత, నీడెంత, ఎరుపెంత అని చూసి ప్రాణం పోయాలి. దాన్నే కలర్ గ్రేడింగ్ అంటారు. విజయశ్రీ నేర్చుకుంది. ఇద్దరూ కలిసి నారాయణగూడలో ఫ్లైఓవర్‌కు దగ్గరలో మేడ మీద ఒక గది తీసుకున్నారు. రంగులు వదినవి, తీగలు మరిదివి.

దిద్దిన రంగులు వీడియోలో ఉండవు. ఏ షాట్‌కు ఏం చేశారో ఆ వివరమంతా డేటాబేస్‌లో ఉంటుంది. ఆ డేటాబేస్ వాళ్ల గది మూలన ఒక నల్లటి పెట్టెలో ఉండేది. ఇద్దరి కంప్యూటర్లూ దానికి కలిపి ఉండేవి. ఉమాకాంత్ దాన్ని సర్వర్ అనేవాడు. విజయశ్రీ పెట్టె అనేది. అతనే పెట్టాడు, అతనే చూసుకునేవాడు. ఆమె ఎన్నడూ దాని జోలికి పోలేదు.

వాళ్లిద్దరికీ చెడింది పని దగ్గరే. పెళ్లి వీడియోలు పెద్దఎత్తున చేద్దామని హిమాయత్‌నగర్‌లో ఒకాయన ఉమాకాంత్‌ను పిలిచాడు. ఇద్దరం పోదామన్నాడు ఉమాకాంత్. రోజుకింత అని కొలిచి రంగులు వెయ్యడం తన వల్ల కాదంది ఆమె. మాట మీద మాట పెరిగింది. ఒక ఆదివారం ఇంట్లో అందరూ తింటుండగా, తాను లేకుండా ఆ గది నడిపి చూపించమన్నాడు ఉమాకాంత్. నడుపుతానంది ఆమె. విజయశ్రీ భర్త జగన్మోహన్ బ్యాంకు ఉద్యోగి. తమ్ముడి పక్షమూ, భార్య పక్షమూ వహించకుండా పెరుగు కలుపుకున్నాడు. ఆ వారంలోనే ఉమాకాంత్ తన కంప్యూటర్ తీసుకుని హిమాయత్‌నగర్ వెళ్లిపోయాడు, మకాం కూడా అక్కడికే మార్చాడు. సర్వర్‌ను మాత్రం ఆమెకే వదిలిపెట్టాడు, పాస్‌వర్డ్ మెసేజ్ పెట్టాడు. దాన్ని ఎక్కడికన్నా మార్చేటప్పుడు తనకు ఒక్క ఫోన్ చెయ్యమని కింద రాశాడు. ఆమె జవాబు ఇవ్వలేదు.

ఆ తర్వాత ఆమె చేతికి వచ్చిన పెద్ద పని అనూహ్య తీసిన డాక్యుమెంటరీ. అనూహ్య ముప్పై దాటని దర్శకురాలు. పాలమూరు నుంచి వచ్చి దోమలగూడ వైపు బస్తీలో ఉంటూ మేస్త్రీల కింద పనిచేసే కూలీల మీద సినిమా తీసింది. అందులో ఎక్కువసేపు కనిపించేది కురుమమ్మ అనే ఆమె. ఎండలో సిమెంటు మాలు మోస్తుంటే ఆమె చెంప మీద వెలుగు పడి, కళ్ల కింద నీడ నిలుస్తుంది. ఆ నీడను పలచన చేస్తే ముఖం తేటగా కనిపిస్తుంది గానీ అది కురుమమ్మ ముఖం కాకుండా పోతుంది. విజయశ్రీ ఎన్నో రోజులు ఆ ఒక్క ముఖం మీదే కూర్చుంది. నలుపు నలుపుగానే ఉండాలి, అందులో చెమట మెరవాలి. అనూహ్య ఆ షాట్‌ను మళ్లీ మళ్లీ వేయించుకుని చూసింది. తర్వాత, ఇంక దీన్ని ముట్టొద్దక్కా అంది.

చిక్కడపల్లిలో ఒక చిన్న హాలు దొరికింది. ఆదివారం సాయంత్రం బస్తీవాళ్లందరినీ పిలిచి చూపించాలని అనుకున్నారు. సరిగ్గా దానికి ముందే నారాయణగూడ గది ఖాళీ చెయ్యవలసి వచ్చింది, ఇంటివాళ్లకు అది కావలసి వచ్చిందట. విజయశ్రీ అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ కింద గది కిరాయికి తీసుకుంది. పైన గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు, ఎదురుగా జిరాక్స్ షాపులు. సామాను ఆటో ట్రాలీలో వస్తూ ఎక్కడ కుదుపు తిన్నదో, ఆమె కంప్యూటర్ మళ్లీ లేవలేదు. కోఠిలో షాపున్న నాగేందర్ అనే తెలిసినాయన కొత్త కంప్యూటర్ పంపించాడు. దానికి సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షనే వెయ్యాలన్నాడు. సినిమాలో నాలుగైదు షాట్లు మిగిలాయి. అవి దిద్ది, మొత్తం ఒక ఫైలుగా బయటికి తీసి హాలువాళ్లకు ఇవ్వాలి. అంతే కదా అనుకుంది.

శనివారం పొద్దున ఇన్‌స్టాల్ మొదలుపెట్టింది. అన్నిటికీ సరే, సరే అని నొక్కుకుంటూ పోయింది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. తెర మీద ప్రాజెక్టులు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఖాళీ. పైకి కిందికి జరిపి చూసింది. మూసి తెరిచింది. మళ్లీ ఖాళీ.

కాసేపటికి తట్టింది. ఇది కొత్త కంప్యూటర్ తనంతట తాను పెట్టుకున్న కొత్త డేటాబేస్. తన పనంతా మూలనున్న నల్ల పెట్టెలో ఉంది. దానికి కలపాలి. ఉమాకాంత్ పంపిన పాత మెసేజ్ వెతికి, అడ్రస్, పేరు, పాస్‌వర్డ్ టైపు చేసింది. చాలాసేపు తిరిగి తిరిగి, కలవడం లేదని చెప్పింది.

నాగేందర్‌కు ఫోన్ చేసింది. షాపులో గిరాకీ ఉన్నట్టుంది, మధ్యమధ్యలో వేరేవాళ్లతో మాట్లాడుతూనే ఆమెకు చెప్పాడు. గది మారింది, ఇంటర్నెట్ రూటర్ మారింది, కాబట్టి అడ్రస్‌ల వరుస మారింది. పెట్టె ఇంకా పాత గది అడ్రస్‌తోనే ఉంది. దానికి ఒక తెర, కీబోర్డు పెట్టి అడ్రస్ మార్చమన్నాడు. అతను చెప్పినట్టే చేసింది. ఈసారి పెట్టె పలికింది. పలికి, పొమ్మంది. ఈ అడ్రస్ నుంచి వచ్చినవాళ్లకు అనుమతి జాబితాలో చోటు లేదని ఇంగ్లీషులో ఒక వాక్యం తెర మీద నిలిచింది.

ఆ వాక్యం ఆమె ఫోన్‌లో చదివి వినిపించింది.

“లిస్టుల మీ మిషన్ లేదక్కా. ఉంటే తీసుకుంటది,” అన్నాడు నాగేందర్. “ఎవరన్న తీసేసిండ్రేమో. ఆ లిస్టు ఎవరు రాసిండ్రు?”

“మా మరిది.”

“అయితే ఆయన్నే అడుగుండ్రి,” అని అతను ఫోన్ పెట్టేశాడు.

అతను అన్నది మామూలుగానే. విజయశ్రీకి మాత్రం అది మామూలుగా వినపడలేదు. తీసేసిండ్రేమో. తాను లేకుండా నడిపి చూపించమన్న ఆ ఆదివారం మాట చెవిలో మోగింది. పోయే ముందు అతను పెట్టె ముందు ఒక పూటంతా కూర్చోవడం గుర్తొచ్చింది. అప్పుడేం చేస్తున్నాడో తాను అడగలేదు. ఇప్పుడు అడగక్కరలేదనిపించింది.

ఆమె అత్త విద్యావతి మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని చిక్కడపల్లి నుంచి నడిచి వచ్చింది. కొత్త గది ఎట్లుందో చూద్దామని కూడా. గుమ్మంలోనే కోడలి ముఖం చూసి ఆగింది.

“మీ చిన్న కొడుకు నేను లోపలికి పోకుంట తాళం వేసి పోయిండు అత్తమ్మా,” అంది విజయశ్రీ.

విద్యావతి క్యారియర్ కింద పెట్టింది. “నువ్వు చూసినవా?”

“చూసుడేంది, ఎదురుంగ కనపడ్తలేదా?”

“నేనడిగింది అది కాదు,” అంది పెద్దామె. కుర్చీలో కూర్చుంది.

ఉమాకాంత్‌కు విజయశ్రీ రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఆమెకు రుజువులాగే తోచింది. సరిగ్గా అప్పుడే అనూహ్య ఫోన్ వచ్చింది, ఫైలు ఎప్పటికి అందుతుందని. ఆ క్షణంలో జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్తే సరిపోయేది. విజయశ్రీ అట్లా చెప్పలేదు. తన మరిది డేటాబేస్‌లో తనకు అడ్డం పెట్టాడని, కావాలనే చేశాడని చెప్పింది. సినిమా మొత్తం అతని చేతుల్లో ఉందా అని అనూహ్య అడిగింది. అవునంది విజయశ్రీ.

అనూహ్య ఊరుకునే మనిషి కాదు. సిటీలో వీడియో పని చేసేవాళ్లంతా ఉండే ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. పని ఇచ్చేవాళ్లు కూడా అందులో ఉంటారు. ఉమాకాంత్ పేరు పెట్టి, ఇతను పాత పార్ట్‌నర్ ప్రాజెక్టులకు తాళాలు వేసి బెదిరిస్తున్నాడు, జాగ్రత్త అని రాసింది. రాసి విజయశ్రీకి కూడా పంపింది. విజయశ్రీ చదివింది. తాను బెదిరిస్తున్నాడని అనలేదే అనుకుంది. అయినా తీసెయ్యమని చెప్పలేదు. అత్తకు చూపించలేదు. అన్నం ముట్టలేదు. తెర ముందు కూర్చుని తెలిసిన పాస్‌వర్డ్‌లన్నీ వేసి చూసింది. అదే వాక్యం.

ఉమాకాంత్ వచ్చేసరికి గదిలో ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా కూర్చుని ఉన్నారు. అతను చెప్పులు విప్పలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఫంక్షన్ హాల్లో షూటింగ్ మీద ఉండి ఫోన్ ఎత్తలేదట. గ్రూప్‌లో మెసేజ్ హిమాయత్‌నగర్ ఆయన చూపిస్తే చదివాడు. ముఖం ఎర్రగా లేదు, పాలిపోయి ఉంది.

“రా, చూడు,” అని విజయశ్రీ కుర్చీ వదిలింది.

“నేను ముట్టను. తాళాలేసిండన్నరు గద. ముట్టుకుంటే, ఇప్పుడొచ్చి సరిచేసి పోయిండంటరు,” అన్నాడతను. “నువ్వే కూసో. నేను చెప్త. అమ్మా, నువ్వు చూస్తుండు.”

విద్యావతి లేచి కోడలి వెనక నిలబడింది.

అతను గుమ్మం దగ్గర నుంచే చెప్పడం మొదలుపెట్టాడు. పెట్టె కీబోర్డు ముందు కూర్చొమ్మన్నాడు. ఏ ఫోల్డర్ తెరవాలి, అందులో ఏ ఫోల్డర్, దానిలో ఏ ఫైలు. అనుమతి జాబితా అంటే ఆ ఫైలే. విజయశ్రీ దాని మీదకు బాణం గుర్తు తెచ్చి తెరవబోయింది.

“తెరవకు. మొదలు పక్కనున్న తేదీ చదువు. ఆఖరిసారి మార్చింది ఎప్పుడో, గట్టిగ చదువు.”

ఆమె చదవబోయి ఆగింది. అది నారాయణగూడ గదిలో వాళ్లు పని మొదలుపెట్టిన నెల. ఇద్దరూ కలిసి నేల కడిగి, పాలు పొంగించి, పెట్టెను మూలన పెట్టిన వారం. ఆ తర్వాత ఆ ఫైలును ఎవరూ తాకలేదు.

“ఏమైంది విజయా?” అంది విద్యావతి.

విజయశ్రీ తేదీ చదివింది. తర్వాత, “ఎవరూ ఏం తీయలే అత్తమ్మా,” అంది.

ఉమాకాంత్ ఇప్పుడు తెరవమన్నాడు. లోపల వరుసలు కొద్దిగానే ఉన్నాయి. అందులో ఒకటి చదివించాడు. నారాయణగూడ రూటర్ ఇచ్చే అడ్రస్‌లన్నిటికీ ప్రవేశం ఉన్నట్టు ఆ వరుస. అశోక్‌నగర్ రూటర్ ఇచ్చే అడ్రస్‌లలో ఒక అంకె తేడా. పెట్టె దృష్టిలో ఆమె కంప్యూటర్ ఎవరో కొత్తవాళ్లు. అందుకే రానివ్వలేదు. పోయే ముందు పూటంతా పెట్టె ముందు ఏం చేశాడని ఆమె అడగలేదు, అతనే చెప్పాడు, తన సొంత ప్రాజెక్టులు కాపీ చేసుకున్నానని.

“దాని కింద ఇంకో వరుస రాయి,” అన్నాడు.

అతను ఒక్కొక్క అక్షరం చెప్తుంటే రాసింది. సేవ్ చేసింది. డేటాబేస్ సర్వీస్ ఆపి మళ్లీ నడిపించింది. కొత్త కంప్యూటర్ దగ్గరికి వచ్చి కలిపింది. అదే వాక్యం, అనుమతి లేదు.

పైన హాస్టల్‌లో ఎవరో కుర్చీ ఈడ్చిన చప్పుడయింది. విజయశ్రీకి ఒక్క క్షణం మళ్లీ పాత అనుమానం తల ఎత్తింది. అది తన ముఖంలో కనపడిందేమోనని ఆమె తల తిప్పుకుంది. కనపడే ఉంటుంది. ఉమాకాంత్ చూశాడు. అయినా గొంతు పెంచలేదు. రాసిన వరుస అంకెలతో సహా పైకి చదవమన్నాడు. ఆమె చదివింది. మూడో అంకె దగ్గర ఆపాడు. ఒకటి ఉండవలసిన చోట సున్నా పడింది. అలవాటు కొద్దీ వేళ్లు పాత గది అడ్రసే రాశాయి.

దిద్దింది. ఆపింది. నడిపించింది. కలిపింది.

ఈసారి తెర నిండా బొమ్మలు వచ్చాయి. ఏళ్ల పని. పెళ్లిళ్లు, బడి వార్షికోత్సవాలు, ఒకరి నృత్యం, అన్నిటికంటే పైన అనూహ్య సినిమా. విజయశ్రీ దాని మీద నొక్కగానే మధ్యలో ఒక ప్రశ్న లేచింది, డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలా అని. ఆలస్యమవుతోంది. ఆమె వేలు అవును మీదకు పోయింది.

“ఆగు వదినా.”

వచ్చినప్పటి నుంచి అతను ఆమెను వదినా అనడం అదే మొదలు. వేలు ఆగింది.

ఒకసారి మార్చితే వెనక్కి రాదని చెప్పాడతను. మార్చేటప్పుడు కరెంటు పోయినా, పాత డిస్క్ మొరాయించినా, ఉన్నది కూడా పోతుంది. ముందు బ్యాకప్ తీసి వేరే డిస్క్‌లో పెట్టాలి. విజయశ్రీ పెట్టెలో బ్యాకప్ మొదలుపెట్టింది. తెర మీద గీత మెల్లగా జరుగుతుంటే లోపల డిస్క్ టిక్కు టిక్కుమంటోంది. ఆ చప్పుడు ముగ్గురికీ నచ్చలేదు. ఒకచోట గీత ఆగిపోయింది. ఉమాకాంత్ అప్పుడు చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ముట్టలేదు గానీ వంగి చెవి పెట్టి విన్నాడు. గీత మళ్లీ కదిలింది.

“మార్చేటప్పుడు ఫోన్ చెయ్యమని రాసిన,” అన్నాడు తెర వైపే చూస్తూ.

“చెయ్యబుద్ధి కాలే.”

“అది సరే. కోపముంటే నన్ను తిట్టు. పది మందిల నా పేరెందుకు తీసినవ్?”

తాను గ్రూప్‌లో రాయలేదని విజయశ్రీ అనొచ్చు. అది నిజమే. కానీ అది జవాబు కాదని ఆమెకు తెలుసు. ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, అనూహ్యకు చేసింది. మరిది ఏమీ చెయ్యలేదని, గది మారడం వల్ల అడ్రస్ మారిందని, చూడకుండా తానే తప్పు చెప్పానని అంది. అనూహ్య కంగారు పడి, ఇప్పుడే ఆ మెసేజ్ తీసేస్తానంది.

“తీసేస్తే సరిపోదు,” అంది విజయశ్రీ. “జరిగింది ఏందో అందులనే రాయి. నేను తప్పు చెప్పిన అని నా పేరు పెట్టి రాయి.”

అనూహ్య రాసింది. ఉమాకాంత్ తన ఫోన్‌లో చదువుకుని జేబులో పెట్టుకున్నాడు.

బ్యాకప్ అయింది. కొత్త వెర్షన్‌కు మార్పు కూడా ఏ ఆటంకం లేకుండా జరిగింది. సినిమా తెరిస్తే షాట్లన్నీ ఎర్రగా వచ్చాయి, వీడియో దొరకలేదని. ఉమాకాంత్ బల్ల కింద ఉన్న డిస్క్ వైపు చెయ్యి చూపించాడు. ఆమె వైరు పెట్టడం మరిచిపోయింది. పెట్టగానే కురుమమ్మ తెర మీదకు వచ్చింది, నెత్తిన మాలు నింపిన గమేళాతో, చెంప మీద ఎండతో, కళ్ల కింద నీడతో, ఎట్లా వదిలిపెట్టిందో అట్లాగే.

విద్యావతి కొడుకును అన్నం తినమంది. పని మధ్యలో వదిలి వచ్చానని చెప్పి అతను వెళ్లిపోయాడు. పెద్దామె క్యారియర్ విప్పి కోడలి ముందు పెట్టింది. తిని పని చూసుకొమ్మంది. అంతకంటే ఆ రోజు గురించి ఆమె అప్పుడు గానీ తర్వాత గానీ ఒక్క మాట అనలేదు. అదే విజయశ్రీకి ఎక్కువ కష్టమనిపించింది.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. బస్తీవాళ్లు పిల్లలతో సహా వచ్చారు. కురుమమ్మ ముందు వరుసలో కూర్చోనన్నది, వెనక గోడకు ఆనుకుని నిలబడి చూసింది. సినిమా అయ్యాక అనూహ్య ఆమెను విజయశ్రీ దగ్గరికి తీసుకొచ్చి, నీ రంగులు ఈ అక్కే చూసిందని చెప్పింది. కురుమమ్మకు అర్థం కాలేదు.

“నా రంగు నాదే గద,” అంది.

విజయశ్రీ అవునంది. ఆమె చెయ్యి పట్టుకుంది. హాల్లో ఉమాకాంత్ కోసం చూసింది. అతను రాలేదు.

మెసేజ్ దిద్దినా దాని పని అది చేసింది. హిమాయత్‌నగర్ ఆయన ఉమాకాంత్‌ను నమ్మాడు గానీ, వాళ్లకు రావలసిన ఒక పెద్ద పెళ్లి పని వెనక్కి పోయింది. ఆ పెళ్లివాళ్లు మొదటి మెసేజ్ చూశారు, రెండోది చూడలేదు. ఈ సంగతి విజయశ్రీకి జగన్మోహన్ ద్వారా తెలిసింది. ఆమె ఎవరితోనూ చెప్పకుండా ఒక పొద్దున ఆ ఇంటికి వెళ్లింది. పెళ్లికూతురి తండ్రి వీరరాఘవరావు అనే పెద్దాయన. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి ఆమె చెప్పిందంతా విన్నాడు. తన మరిది తప్పు లేదని చెప్పడానికి ఇంత దూరం వచ్చినందుకు మెచ్చుకున్నాడు. కానీ పని అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశామన్నాడు. ఆమె లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. బస్టాపులో చాలాసేపు నిలబడింది, వచ్చిన బస్సులు ఎక్కలేదు.

తాను వెళ్లానని ఆమె ఇంట్లో చెప్పలేదు. వీరరాఘవరావే ఉమాకాంత్‌కు ఫోన్ చేసి చెప్పినట్టున్నాడు. ఆ వారం చివర్లో ఉమాకాంత్ చిక్కడపల్లి ఇంటికి వచ్చాడు. గొడవ అయినప్పటి నుంచి వచ్చినా గడపలో నిలబడి తల్లితో మాట్లాడి పోయేవాడు. ఆ రోజు కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి అన్న పక్కన పీట వేసుకున్నాడు. విజయశ్రీ వడ్డించింది. పెట్టెలో డిస్క్ మార్చాలని, ఆ టిక్కు టిక్కు మంచిది కాదని అతను చారు పోసుకుంటూ అన్నాడు. ఎట్లాంటిది తేవాలో చెప్పమంది ఆమె. తానే వచ్చి వేస్తానన్నాడు.